అరిగిన టైపు అక్షరాలు నమ్మేలా పెట్టడం ఎలా?

షార్ట్‌ఫిలిం పోస్టరు, డిటెక్టివ్ నవల అట్ట, కాఫీ షాపు మెనూ, ఈమధ్య పెళ్ళి కార్డు కూడా. అరిగిపోయిన టైపు మిషను అక్షరాలు లేని చోటు లేదు. మొదటి చూపుకి ‘అబ్బ, పాత కాగితంలా ఉందే’ అనిపిస్తాయి. రెండో చూపుకి కంప్యూటరు గుట్టు బయటపడుతుంది. ఒకే మాటలో రెండు ఇంగ్లీషు ‘ఇ’లు పక్కపక్కన పడతాయి, రెండింటికీ అదే చోట, అదే ఆకారంలో మరక ఉంటుంది. కారణం చెప్పలేకపోయినా కన్ను దాన్ని పట్టేస్తుంది.

ఆ రెండో చూపును కూడా దాటే పని ఎలా చేయాలో చెబుతాను. ఫొటోషాప్, గింప్, ఇంక్‌స్కేప్, ఈ డిజైను సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకటి ఓ మోస్తరుగా వాడటం వస్తే చాలు.

పనిలోకి దిగే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మిగతా అంతా దాని మీదే నడుస్తుంది. టైపు మిషను చేసే తప్పులు రెండు రకాలు. ఒకటి ఇనుములో ఉండే తప్పు. అక్షరపు అచ్చును మోసే కడ్డీ కాస్త వంగింది, అచ్చు అంచు విరిగింది, అక్షరం పక్కకి ఒరిగింది. ఇది ఆ అక్షరం కొట్టిన ప్రతిసారీ అచ్చం అలాగే పడుతుంది. రెండోది సిరాలో, వేలిలో ఉండే తప్పు. సిరా పట్టిన రిబ్బను ఎంత తడిగా ఉంది, వేలు ఎంత గట్టిగా పడింది అన్నది దెబ్బదెబ్బకీ మారుతుంది. ఫాంటు ఏం చేస్తుందంటే ఈ రెండింటినీ కలిపి ఒక్క బొమ్మగా గడ్డకట్టించేస్తుంది. మన పనల్లా వాటిని మళ్ళీ విడదీయడం: ఇనుము తప్పు స్థిరంగా ఉండాలి, సిరా తప్పు మారుతూ ఉండాలి.

ఇది నా సిద్ధాంతమేమీ కాదు. దొంగ కాగితాలను పరీక్షించేవాళ్ళు వందేళ్ళుగా దీని మీదే బతుకుతున్నారు. అమెరికాలో అల్జర్ హిస్ అనే మాజీ ప్రభుత్వాధికారి కేసు వినే ఉంటారు. హిస్ ఇంట్లో టైపు చేసిన మామూలు ఉత్తరాలనూ, రహస్య పత్రాల నకళ్ళనూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే మిషను మీద పడ్డాయని ప్రాసిక్యూషన్‌వాళ్ళు వాదించారు. 230099 నంబరున్న వుడ్‌స్టాక్ మిషను కోర్టులోకి కూడా వచ్చింది. 1950 జనవరిలో అబద్ధపు సాక్ష్యం నేరం కింద అతనికి శిక్ష పడింది. ఆ మిషను గురించి వాదన ఇప్పటికీ తెగలేదనుకోండి. మనకు కావలసిందల్లా ఒకటే, ప్రతి మిషనుకీ వేలిముద్రలాంటిది ఒకటి ఉంటుంది.

కాగితం ఎవరిదో తేల్చుకోండి

ఫాంట్ల మెనూ తెరవకముందే మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఈ కాగితం ఏ ఏడాది టైపయింది? ఎక్కడ? ఎవరు కొట్టారు? ‘పాతకాలం’ అన్నది జవాబు కాదు. 1978లో ఒక తాలూకా ఆఫీసు గుమాస్తా గోద్రెజ్ మిషను మీద కొట్టిన మెమో వేరు, అదే ఏడాది న్యూయార్క్ లాయరు సెక్రటరీ ఐబిఎం సెలెక్ట్రిక్ మీద కొట్టిన ఉత్తరం వేరు. సెలెక్ట్రిక్ 1961లో వచ్చిన కరెంటు మిషను. అందులో కడ్డీలుండవు, అక్షరాలన్నీ ఒక చిన్న బంతి మీద ఉంటాయి. దెబ్బ బలం మిషనుదే, వేలిది కాదు. కాబట్టి అక్షరాలన్నీ ఒకే నలుపులో, వరస తప్పకుండా పడతాయి. దాని మీద కొట్టిన కాగితానికి చిందరవందర అక్షరాలు పెడితే అబద్ధమైపోతుంది.

మన ఆఫీసు కాగితమైతే రెమింగ్టనో గోద్రెజో అనుకోండి. గోద్రెజ్ కంపెనీ 1955లో టైపు మిషన్లు మొదలుపెట్టి 2009లో ఆపేసింది. అంటే మన ఇళ్ళలో బీరువా అడుగున ఉన్న ఇంగ్లీషు టెస్టిమోనియల్సూ, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లూ చాలావరకు ఈ కాలంవే.

ఏడాది తేలితే విషయంలోని తప్పులు కూడా తేలతాయి. 1978 కథలో ‘మండల’ కార్యాలయం ఉండకూడదు, ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు వచ్చింది 1985లో. 1972 ఆగస్టుకు ముందు చిరునామాలో పిన్‌కోడు ఉండదు. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, అంతకుముందు కాగితం మీద ఇంగ్లీషులో ఆర్, ఎస్, చుక్క, అంకె, చివర ఒక గీటూ ఒక అడ్డగీతా. ఫాంటు ఎంత బాగా కుదిరినా ఆ కొత్త రూపాయి గుర్తు ఒక్కటి పడితే అట్ట అంతా నవ్వులపాలు.

అసలు కాగితం ఒకటి ముందు పెట్టుకోండి

గూగుల్‌లో దొరికే బొమ్మలు చూసి పని మొదలుపెట్టకండి. వాటిలో సగం ఇంకొకరు ఇదే ఫాంటుతో చేసినవే. ఇంట్లో అడగండి. నాన్నగారి సర్వీసు కాగితాలు, తాతగారి అద్దె అగ్రిమెంటు, ఇంటి దస్తావేజు నకలు, ఏదో ఒకటి దొరుకుతుంది. 600 డిపిఐలో గ్రేస్కేల్ స్కాన్ చేసి పెద్దది చేసి చూడండి. ఏం చూడాలో చెబుతాను.

ఇంగ్లీషు ‘ఇ’, ‘ఎ’, ‘ఓ’ లోపలి ఖాళీలు పూడుకుపోయి ఉంటాయి. రిబ్బను నూలు పోగులు, దుమ్ము, సిరా కలిసి అచ్చులో గట్టిపడి చేసిన పని అది. ఓపికున్న టైపిస్టు వారానికోసారి గుండుసూదితో తవ్వేవాడు, లేనివాడు అలాగే కొట్టేవాడు. ఫుల్‌స్టాపూ కామా మాత్రం మిగతా అక్షరాలకంటే నల్లగా, కాగితాన్ని గుచ్చినట్టు ఉంటాయి. దెబ్బ అంతా ఒక్క చుక్క మీద పడుతుంది మరి. చిటికెన వేలుతో కొట్టే ‘ఎ’, ‘క్యూ’, ‘పి’ లేతగా ఉంటాయి, చూపుడు వేలివి ముదురు. టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి ‘ఎ ఎస్ డి ఎఫ్’ కొట్టిన చేతులకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. చిటికెన వేలికి బలం రావడానికే నెలలు పట్టేది.

పెద్దక్షరాలు గీత మీద కూర్చోవు, కాస్త పైకో కిందికో ఉంటాయి. షిఫ్టు నొక్కినప్పుడు మిషనులో బరువైన భాగం కదిలి, పూర్తిగా ఆగకముందే దెబ్బ పడుతుంది కనుక. ఏదో ఒక అక్షరం ఎడమ కాలు ముదురుగా, కుడి కాలు లేతగా పడుతుంటుంది. అచ్చు కాగితానికి సమంగా ఆనడం లేదన్నమాట. ఆ అక్షరాన్ని పేజీ అంతా వెతకండి, ప్రతిచోటా అలాగే ఉంటుంది. ఇనుము తప్పంటే ఇదే.

రంగుల రిబ్బను వాడిన కాగితమైతే అదృష్టం. పైన నలుపు, కింద ఎరుపు ఉండే రిబ్బను కాస్త జారితే నల్ల అక్షరాల పాదాలకు ఎర్రటి పారాణి అంటుతుంది. డిజైనులో దీన్ని వాడుకున్నవాళ్ళు తక్కువ, వాడితే మాత్రం భలే పలుకుతుంది.

ఫాంటు ఎంచుకోండి

ఈ జాతి ఫాంట్లకు దారి వేసింది ట్రిక్సీ. 1991లో డచ్ డిజైనరు ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్ ఒక పాత మిషను మీద పడ్డ అక్షరాలను స్కాన్ చేసి, మరకలతో సహా ఫాంటుగా మార్చాడు. దాని కొత్త హెచ్‌డి రూపంలో ఒక్కో అక్షరానికి చాలా రూపాలుండి, టైపు చేస్తుంటే అవే మారుతుంటాయి. డబ్బు పెట్టగలిగితే మంచి సరుకు.

ఉచితంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో స్పెషల్ ఎలీట్ ఉంది. స్మిత్ కరోనా, రెమింగ్టన్ నాయిస్‌లెస్ మిషన్ల అక్షరాలను కలిపి ఆస్టిగ్మాటిక్ సంస్థ చేసింది. అందంగా ఉంటుంది, కాకపోతే అందరూ వాడేసి వాడేసి చూడగానే గుర్తుపట్టే మొహంలా తయారైంది. క్యూటివ్ మోనో కాస్త శుభ్రంగా ఉంటుంది. కొరియర్ ప్రైమ్ 2013లో సినిమా స్క్రిప్టుల కోసం చేసింది, దీనికి మరకలే ఉండవు.

నా సలహా వినేవాళ్ళకి ఒక మాట: టైటిల్‌కి ఒక్క మాటో రెండు మాటలో కావాలంటే అరిగిన ఫాంటు తీసుకోండి. పేరా కావాలంటే కొరియర్ ప్రైమ్‌లాంటి శుభ్రమైన ఫాంటు తీసుకుని మీరే అరగదీయండి. ముందే అరిగి వచ్చిన ఫాంటులో సిరా తప్పు గడ్డకట్టి ఉంటుంది, దాన్ని కరిగించడం కష్టం. కంప్యూటరులో ముందే ఉన్న కొరియర్ న్యూ మాత్రం వద్దు. దాన్ని సెలెక్ట్రిక్ బంతి మీది ఆకారం నుంచి నేరుగా తీశారు. సిరా పాకితే వచ్చే లావు అందులో లేదు, కాగితం మీద ఎముకల గూడులా కనిపిస్తుంది.

అమెరికన్ టైప్‌రైటర్ గురించి కూడా అడుగుతారు. 1974లో జోయెల్ కేడెన్, టోనీ స్టాన్ గీసిన ఈ ఫాంటు టైపు మిషను వేషం వేసుకున్న అచ్చు ఫాంటు. ‘ఐ’కి తక్కువ చోటు, ‘ఎమ్’కి ఎక్కువ చోటు ఇస్తుంది. లోగోకి బాగుంటుంది, దొంగ ఉత్తరానికి పనికిరాదు. ఏ ఫాంటునైనా పరీక్షించడానికి చిన్న చిట్కా: ఒక వరసలో పది చిన్న ‘ఐ’లు, కింద వరసలో పది ‘ఎమ్’లు కొట్టండి. రెండు వరసల చివర్లు ఒకేచోట ఆగితే అది టైపు మిషను కొలత. తర్వాత నాలుగు ‘ఇ’లు వరసగా కొట్టండి. నాలుగూ కవల పిల్లల్లా ఉంటే రూపాలు మారని ఫాంటు అని అర్థం. మార్చే ఫాంటులోనూ ‘కాంటెక్స్‌చువల్ ఆల్టర్నేట్స్’ అనే మీట ఆన్‌లో ఉంటేనే మారతాయి, మరిచిపోకండి.

గళ్ళు కుదర్చండి

మిషనుకు రెండే కొలతలు ఎక్కువగా ఉండేవి. పైకా అంటే అంగుళానికి 10 అక్షరాలు, ఎలీట్ అంటే 12. కొరియర్ జాతి ఫాంటును 12 పాయింట్లలో పెడితే సరిగ్గా పైకా వస్తుంది, 10 పాయింట్లలో పెడితే ఎలీట్. వరసలు అంగుళానికి ఆరు, అంటే లీడింగ్ (వరసకీ వరసకీ మధ్య దూరం) 12 పాయింట్లు. వరసన్నర ఖాళీకి 18, రెండు వరసల ఖాళీకి 24. మధ్యలో 14.4 అనో 15.6 అనో సాఫ్ట్‌వేర్ తనంతట తను పెట్టుకున్న అంకెను తీసేయండి. మిషను పళ్ళచక్రానికి అలాంటి అంకెలు తెలియవు.

ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు. పైకాలో 82 అక్షరాలు పడతాయి. ఎడమ మార్జిను 15, కుడి 7 వదిలేస్తే వరసకు 60. అప్పటి ఆఫీసుల్లో ఏ4 కంటే పొడుగాటి ఫుల్‌స్కేప్ కాగితం ఎక్కువ, పోస్టరులో కాగితం ఆకారం కనిపిస్తుంటే ఆ నిష్పత్తి పాటించండి.

కెర్నింగు (పక్కపక్క అక్షరాల మధ్య ఎడాన్ని సర్దడం) ఆపేయండి, లిగేచర్లు (రెండు అక్షరాలు కలిసిపోయిన రూపాలు) ఆపేయండి, మాటల్ని విరిచే హైఫనేషన్ ఆపేయండి. కుడి అంచు ఎగుడుదిగుడుగానే ఉండాలి. రెండు అంచులూ కత్తిరించినట్టు సమంగా ఉన్న ‘టైపు కాగితం’ ఎక్కడ చూసినా నాకు ఒళ్ళు మండుతుంది.

టైపిస్టులా కొట్టండి

ఇంతవరకు ఫాంటు పని. ఇక్కడ ఫాంటుతో సంబంధం లేదు, అలవాట్లతోనే. చాలా పాత మిషన్ల మీద ఒకటి అంకె మీటే ఉండదు, చిన్న ‘ఎల్’ కొట్టేవారు. ఆశ్చర్యార్థకం లేకపోతే పైన కొట్టే చిన్న గీత కొట్టి, వెనక్కొచ్చి కింద చుక్క పెట్టేవారు. పొడుగు డ్యాష్ లేదు, రెండు హైఫన్లే. కోట్ గుర్తులు నిటారుగా ఉంటాయి, వంపు తిరగవు. మీ సాఫ్ట్‌వేర్‌లో స్మార్ట్ కోట్స్ ఆన్‌లో ఉంటే తెలియకుండానే మారుస్తుంది, వెంటనే ఆపండి. ఇటాలిక్కు లేదు, బోల్డు లేదు. నొక్కి చెప్పాలంటే కింద గీత, లేదా మాటంతా పెద్దక్షరాలు. ఫుల్‌స్టాపు తర్వాత రెండు ఖాళీలు, పేరా మొదట్లో ఐదు.

తప్పు పడితే చెరపడం కష్టం, చాలామంది పైన ఎక్స్‌లు కొట్టుకుంటూ పోయేవారు. ఒక పేజీలో అలాంటిది ఒక్కటి చాలు. నాలుగైదు పెట్టారంటే పాఠకుడికి టైపిస్టు కాదు, డిజైనరు కనిపిస్తాడు.

ఈ అలవాట్లు ఎంత ముఖ్యమో అమెరికాలో ఒక టీవీ చానలుకి తెలిసొచ్చింది. 2004 సెప్టెంబరులో సిబిఎస్ వాళ్ళు అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ సైనిక సేవ గురించి 1972, 73 నాటివంటూ కొన్ని మెమోలు చూపించారు. గంటల్లోనే జనం వేలెత్తి చూపారు. అక్షరాల మధ్య ఎడం కంప్యూటరు ఎడంలా ఉంది, అంకె పక్కన ‘టి హెచ్’ చిన్నదై పైకి ఎక్కి కూర్చుంది, అచ్చం మైక్రోసాఫ్ట్ వర్డ్ చేసినట్టు. మెమోలు అసలైనవని తేల్చలేక చానలు క్షమాపణ చెప్పుకుంది. మనం చేసేది కథ కోసం, అట్ట కోసం. నిజమైన ఆఫీసు ముద్రలు, నిజమైన అధికారి సంతకం మాత్రం అందులో పెట్టకండి. కల్పిత కార్యాలయం, కల్పిత ముద్ర సరిపోతాయి.

ఇక అరగదీద్దాం

ముందు చేత్తో చేసే దారి. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే కంప్యూటరుకు రాని అదృష్టం ఇందులో ఉంటుంది. శుభ్రమైన ఫాంటుతో పేజీ లేజరు ప్రింటు తీయండి. జెరాక్స్ షాపుకి వెళ్ళి సగానికి తగ్గించి ఒక కాపీ, దాన్ని రెట్టింపు పెంచి ఇంకో కాపీ తీయించండి. షాపతను అదోలా చూస్తాడు, పట్టించుకోకండి. అంచులు విరిగి, సన్నని గీతలు తెగి, లోపలి ఖాళీలు పూడుకుని వస్తాయి. కావాలంటే లేజరు ప్రింటును మడతపెట్టి గోటితో నలపండి, మడత మీద టోనరు రాలుతుంది. 600 డిపిఐలో స్కాన్ చేసుకోండి. కోర్టు దగ్గరో రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరో చెట్టు కింద మిషను పెట్టుకున్న పెద్దాయన మీ ఊళ్ళో ఇంకా ఉంటే మరీ మంచిది. పేజీకింత అని ఇచ్చి, మీ వాక్యమే నాలుగుసార్లు కొట్టించుకోండి. నాలుగింట్లోంచి ఏరుకోవచ్చు.

కంప్యూటరు దారి అయితే వరస ముఖ్యం. ఇనుము, వేలు, సిరా, రిబ్బను, కాగితం. ఈ వరస తారుమారు చేస్తే మరకలన్నీ అక్షరాల మీద చల్లిన ఇసకలా ఉంటాయి.

ఇనుముతో మొదలుపెట్టండి. రెండు మూడు అక్షరాలు ఎంచుకోండి, అంతకంటే వద్దు. ఉదాహరణకు ‘టి’ ఒక డిగ్రీ ఎడమకు ఒరుగుతుంది, ‘ఆర్’ అర పాయింటు కిందికి దిగుతుంది, ‘ఎన్’ కుడి పాదం కొస విరిగింది. ఇవి పేజీలో ఎక్కడొచ్చినా అంతే. ఒక చీటీ మీద రాసుకోండి, లేకపోతే రెండో పేజీకి మరిచిపోతారు. పెద్దక్షరాలన్నిటినీ 0.3 నుంచి 0.6 పాయింటు పైకి ఎత్తండి, ఇందులో కాస్త హెచ్చుతగ్గులు పరవాలేదు.

తర్వాత వేలు. టెక్స్టును బొమ్మగా మార్చి (300 డిపిఐ ఏ4 అంటే 2480 బై 3508 పిక్సెల్స్), చిటికెన వేలి అక్షరాలను పది పదిహేను శాతం పలచన చేయండి, చుక్కల్ని నల్లగా ఉంచండి. పేజీ అంతా చేయక్కర్లేదు. కళ్ళు ముందు పడే మొదటి రెండు వరసలు, సంతకం దగ్గర చివరి వరస శ్రద్ధగా చేస్తే మిగతాదాన్ని కన్ను నమ్మేస్తుంది.

సిరా పాకడానికి పాత చిట్కా ఒకటుంది. గాసియన్ బ్లర్ ఒకటి నుంచి ఒకటిన్నర పిక్సెల్ ఇవ్వండి, ఆపైన లెవెల్స్‌లో నలుపు, తెలుపు కొసలను మధ్యకు నొక్కండి. కోణాలన్నీ గుండ్రబడి, కలిసేచోట సిరా నిలిచినట్టు అవుతుంది. కొరియర్ ప్రైమ్ మీద ఈ ఒక్కటి చేసి చూడండి, సగం పని అయిపోతుంది. ‘ఇ’, ‘ఎ’ లోపలి ఖాళీలు కొన్నిచోట్ల బ్రష్షుతో పూడ్చండి, ఒక్కోచోట ఒక్కోలా.

రిబ్బనుకి రెండు ముసుగులు కావాలి. ఒకటి సన్నది, నూలు నేత కనిపించేలా. ఏదైనా కాటన్ గుడ్డను స్కాన్ చేసి, కాంట్రాస్టు పెంచి, లేయర్ మాస్కుగా వాడితే సరి. రెండోది విశాలమైనది, మబ్బుల్లాంటి నాయిస్, ఎక్కడా ఎనభై శాతం కంటే పలచబడకుండా. పేజీ మధ్యలో ఉన్నట్టుండి ఒక మూల మాసిపోయినట్టు పెట్టేస్తుంటారు, అది తప్పు. రిబ్బను అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి పేజీ అంతా ఇంచుమించు ఒకే నలుపు. ఒక్కసారిగా నల్లబడితే అక్కడ రిబ్బను మార్చారన్నమాట, కథకు పనికొచ్చే చోటైతే వాడుకోండి.

రంగు పూర్తి నలుపు వద్దు. ఆర్ 40, జి 38, బి 45 దగ్గర మొదలుపెట్టి కంటికి నచ్చేట్టు జరుపుకోండి. కార్బన్ కాపీ అయితే లెక్క వేరు: అంచులు మసకబారతాయి, నూలు నేత కనిపించదు, నలుపుకి బదులు నీలం పడొచ్చు. కాగితం లేయరును అడుగున పెట్టి అక్షరాల లేయరుకు మల్టిప్లై ఇవ్వండి. చివరగా టెక్స్టు మొత్తాన్ని పావు డిగ్రీ నుంచి అర డిగ్రీ తిప్పండి. కాగితాన్ని రోలరులో నిటారుగా ఎక్కించే మనిషిని నేనింతవరకు చూడలేదు.

తెలుగైతే

ఇంగ్లీషు కోసం చేసిన అరుగుడు ఫాంట్లలో తెలుగు ఉండదు. టైటిల్ తెలుగులో కొట్టగానే సాఫ్ట్‌వేర్ వేరే ఫాంటుని తెచ్చి అతికిస్తుంది, చొక్కా మీద వేరే రంగు జేబులా. కాబట్టి మనమే చేసుకోవాలి.

తెలుగు టైపు మిషను ఎలా పనిచేసేదో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. నలభై చిల్లర మీటల్లో మన అక్షరాలూ గుణింతాలూ ఒత్తులూ అన్నీ పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలుగా కొట్టేవారు. గుణింతపు గుర్తులు, ఒత్తులు వేరే మీటల మీద ఉండేవి. కొన్ని మీటలు నొక్కితే కాగితం జరగదు, గుర్తు పడి అక్కడే ఆగుతుంది, తర్వాతి దెబ్బ దాని మీదే పడాలి. ఆ రెండు దెబ్బలూ ఎప్పుడూ సరిగ్గా కలవవు. ఒత్తు కాస్త ఎడంగా, గుడి కాస్త పక్కకి. ఈ అతుకుల్లోనే తెలుగు టైపు కాగితం మొహం ఉంది, మరకల్లో కాదు.

గీత మందం అంతటా ఒకేలా ఉండే యూనికోడ్ ఫాంటు తీసుకోండి, మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ బాగుంటాయి. లావూ సన్నమూ మారే అలంకారాల ఫాంట్లు వద్దు. ఇంక్‌స్కేప్‌లో మాట కొట్టి, ఆబ్జెక్ట్ టు పాత్ చేసి, అన్‌గ్రూప్ చేయండి. ఒత్తులు చాలావరకు విడిగా చేతికొస్తాయి. ఒక్కోదాన్ని పావు మిల్లీమీటరు లోపు అటో ఇటో జరపండి. ఒక రకం ఒత్తును ఒకవైపే జరపాలి, గుర్తుందిగా, అది ఇనుము తప్పు. పాత ఫొటోషాప్‌లో అక్షరాలు విరిగిపోయి కనిపిస్తుంటే పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ట్రాకింగు (అక్షరాల మధ్య అదనపు ఎడం) సున్నా.

ఇక అసలు ప్రమాదం. ఇంగ్లీషు అక్షరం సగం పోయినా చదవచ్చు. మనకు అలా కాదు. ‘ద’కీ ‘ధ’కీ, ‘ప’కీ ‘ఫ’కీ, ‘బ’కీ ‘భ’కీ తేడా చిన్న గీత. ‘ర’కీ ‘ఠ’కీ తేడా కడుపులో చుక్క. సిరా పూడితే ‘ర’ కాస్తా ‘ఠ’ అవుతుంది, మాస్కు పడితే ‘ఠ’ కాస్తా ‘ర’ అవుతుంది, ‘కఠినం’ కరినమైపోతుంది. ఒక కథల సంపుటికి నేను చేసిన వెనక అట్ట మీద ‘ధర’ అన్నచోట కింది గీత మాస్కులో పోయి ‘దర’ అని అచ్చయింది. ప్రూఫులో నాకు కనపడలేదు, రచయితకి కనపడలేదు, మొదటి పాఠకుడికి కనపడింది. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నా: తెలుగు మాటకి మాస్కు వేశాక, వత్తక్షరాల గీతలూ చుక్కలూ ఉన్నచోట మాస్కును తెల్ల బ్రష్షుతో తుడిచేస్తాను. తలకట్లు ఎంతైనా అరగనివ్వండి, తలకట్టు పోయినా మన కన్ను అక్షరాన్ని చదివేస్తుంది.

ప్రెస్సుకి పంపే ముందు

చెరిగిన అంచుల్లో వేల కొద్దీ చిన్న బిందువులుంటాయి. వినైల్ కటింగుకి ఇస్తే ప్లాటరు ఆగిపోతుంది లేదా స్టిక్కరు ముక్కలై ఊడుతుంది, అలాంటి పనికి శుభ్రమైన అక్షరాలే ఇవ్వండి. స్క్రీన్ ప్రింటింగు పెళ్ళి కార్డులో సన్నని చుక్కలు నిలవవు. జుట్టుపోగు కంటే సన్నగా ఉన్న మరకల్ని ముందే తీసేయండి. ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది, అక్కడ నూలు నేత దండగ, కోణాలు గుండ్రబడితే చాలు. ఫోన్లో చూసే పోస్టరును వాట్సాప్ ఎలాగూ నలిపేస్తుంది. మీరే ఒకసారి మీకు పంపుకుని, దిగుమతి చేసుకుని చూశాకే ఖాయం చేయండి. పేరా అంతా అరిగిన అక్షరాలైతే పెద్దవాళ్ళు చదవలేరు. టైటిల్‌కీ, ఒకటి రెండు వాక్యాలకీ పరిమితం చేసి, తేదీ, చోటు, ఫోను నంబరు మామూలు ఫాంటులో పెట్టండి.

లైసెన్సు సంగతి చివర్లో చెబుతున్నాను గానీ మొదట్లోనే చూసుకోవాలి. స్పెషల్ ఎలీట్ అపాచీ లైసెన్సుతో, కొరియర్ ప్రైమ్, క్యూటివ్ మోనో ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వస్తాయి, అమ్మే పుస్తకం మీదైనా వాడుకోవచ్చు. ఉచిత ఫాంట్ల సైట్లలో దొరికే అరుగుడు ఫాంట్లలో చాలావాటి పక్కన ‘సొంత వాడకానికి మాత్రమే’ అని చిన్నగా ఉంటుంది. అట్ట అచ్చుకెళ్ళే ముందురోజు రాత్రి అది చూసి, ఒక టైటిల్ మొత్తం తిరిగి చేసిన అనుభవం నాకుంది. అందుకే ఇప్పుడు ప్రతి పని ఫోల్డర్లోనూ ఫాంటు ఫైలు పక్కనే దాని లైసెన్సు టెక్స్టు ఫైలు కూడా పెట్టుకుంటున్నా, ఇనుము తప్పులు రాసుకున్న చీటీ ఫొటోతో సహా. రెండో ముద్రణకు అట్ట మార్చమన్నప్పుడు ‘టి’ ఎటు ఒరిగిందో మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు.